మునిశామప్ప మడిచిన పారాచూట్

చిక్కబళ్ళాపురం బస్టాండు వెనక వీధిలో ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ ఉంది. అక్కడ ఇంతవరకూ ఎవరి పన్నూ పీకింది లేదు. ఏజెంట్ ధనుంజయ లోపలికి వెళ్ళి కుర్చీలో వాలాడు.

"నొప్పి యా పక్క?" అంది తెల్లకోటు ఆవిడ.

"పాలు తాగితే కుడిపక్క. టీ తాగితే రెండు పక్కలా."

కోడ్ సరిపోయింది. ఆవిడ తలుపు గడియ పెట్టి, ఎక్స్‌రేలు చూసే డబ్బా స్విచ్ వేసింది. పంటికి బదులు ఒక ముసలాయన ఫోటో వెలిగింది. ఆ తెల్లకోటు ఆవిడే మన గూఢచారి సంస్థ సౌత్ సెక్షన్ చీఫ్ సులోచనమ్మ.

"పేరు మునిశామప్ప. దిబ్బూరహళ్ళి. పారాచూట్ దళంలో రిటైర్డ్ సుబేదార్. ఇప్పుడు పట్టుపురుగులు పెంచుతాండాడు."

"నేరం?"

"ఇంకా చెయ్యలే. ఆదివారం చేస్తాడంట."

సంగతి ఇది. ఆదివారం పొద్దున చింతామణి బయట మైదానంలో పారాచూట్ డివిజన్ చరిత్ర ఉత్సవం. ఎగ్జిబిషన్, పాత సైనికులకు సన్మానం, చివర్లో కర్నల్ రవీంద్ర పాతకాలపు గుండ్రటి పారాచూట్‌తో విమానం నుంచి దూకడం. సరిహద్దులో దిగే కొత్త దళాలకు శిక్షణ ఇస్తున్నది ఆయనే. ఆయన ప్రాణాలతో నేల తాకకూడదని ఒక విదేశీ ముఠా కంకణం కట్టుకుంది. ఆ పాత రకం పారాచూట్ మడవడం ఈ చుట్టుపక్కల మునిశామప్పకు తప్ప ఎవరికీ రాదు.

"టిప్ ఎవురిది?" అన్నాడు ధనుంజయ.

"దవనం."

అది కోడ్‌నేమ్. అసలు పేరు నమ్రత. చరిత్ర పరిశోధకురాలి వేషంలో తిరుగుతూ, ముఠాలో ఉంటూనే మన సంస్థకు కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. అందగత్తె అని ఫైల్లో ఎవరూ రాయలేదు గానీ, అందులోని ఫోటోను ధనుంజయ అవసరానికి మించి చూశాడు.

"ముసలాయనకి విదేశాల నుంచి ఫోన్లు వస్తాండాయంట," అంది చీఫ్. "సాక్ష్యం లేకుండా ముట్టొద్దు. మంచి పేరుండే మనిషి."

మర్నాడు మధ్యాహ్నం పట్టుగూళ్ళ వ్యాపారి వేషంలో ధనుంజయ దిబ్బూరహళ్ళి చేరాడు. కళ్ళద్దాల్లో కెమెరా, సంచి అడుగున మైక్.

"పురుగు ఇంకా గూడు కట్టలేదప్పా, వారమవుతాది," అంది మునిశామప్ప భార్య అక్కయమ్మ. "ఎండలో వచ్చినావు. రాగిముద్ద తినిపో."

వద్దంటే అనుమానం వస్తుందని కూర్చున్నాడు. అనపగింజల పులుసు రెండోసారి అడిగి మరీ పోయించుకున్నది మాత్రం మిషన్ కోసం కాదు. ఎదురుగా స్టూలు మీద నమ్రత కెమెరా పట్టుకుని ఉంది. అక్కయమ్మ పొయ్యి దగ్గర కర్రతో ముద్ద తొక్కడం కూడా ఆమె వీడియో తీసిందట. ధనుంజయను చూసి చెవి కమ్మ సవరించుకుంది. అంటే గుర్తుపట్టానని.

"మా నాయన బయ్యప్ప ఆ పెద్ద యుద్ధంలో డివిజన్లో చేరినాడు," అని మునిశామప్ప చెప్పుకుపోతున్నాడు. "పట్టు దొరకలేదని అప్పుడు గోనెగుడ్డతో కూడా పారాచూట్లు కుట్టినారు, సామాన్లు దించేకి. ఆ తర్వాత దేశం రెండయింది. డివిజన్నీ రెండు చేసినారు. అన్నదమ్ములు పాత్రలు పంచుకున్నట్ల షెడ్డులో పారాచూట్లూ పంచినారు. మా నాయన మన పక్కవీ మడిచినాడు, ఆ పక్కకు పోయేటివీ మడిచినాడు. రేపు మన మీదికే దిగేవాళ్ళకు అంత బాగా మడస్తావేమిరా అని ఎవురో అడిగినారంట. దాని కింద యాలాడేది మనిషి కదప్పా అన్నాడంట."

నమ్రత కళ్ళు తుడుచుకుంది. ధనుంజయ చేయి కడుక్కునే నెపంతో వసారాలోకి వెళ్ళి, ఎక్కడ పెడితే మైక్ బాగా వింటుందా అని పైకి చూశాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అని పెద్దలు అన్నది ఇలాంటి ఉద్యోగాల గురించే అయి ఉంటుంది. మూడో వాసం సందులో మైక్ దూర్చాడు. చేతికి ఇంకా పులుసు వాసన వేస్తోంది. సిగ్గుగా అనిపించింది. అయినా పని ఆపలేదు.

ఆ సాయంత్రమే ఇంగ్లండు నుంచి ఫోను వచ్చింది. మునిశామప్ప వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పిన మాటలు మైకులో స్పష్టంగా వినిపించాయి. "ఆదివారం కర్నల్ దూకుతాడమ్మా. మడిచేది నేనే. అంతా అయినాక వీడియో పంపిస్తా."

ధనుంజయకు ఇంకేం కావాలి? ఆ నంబరు ఎవరిదో తెలుసుకోవడానికి ఒక్క ఫోను చాలు. ఆ ఫోను చెయ్యలేదు. అప్పుడే నమ్రత వచ్చి, ఆదివారం పొద్దున ప్యాకింగ్ షెడ్డులో నాలుగు ఫోటోలు తీసుకోవాలి, పాస్ ఇప్పించరా అని నవ్వింది. మన మనిషే కదా అని సంతకం పెట్టేశాడు.

ఆదివారం మైదానం నిండిపోయింది. బాగేపల్లి, గౌరిబిదనూరుల నుంచి కూడా పాత సైనికులు మెడల్స్ తగిలించుకుని వచ్చారు. చిన్న విమానం ఇంజను స్టార్టయింది. మునిశామప్ప మడిచిన ప్యాకును కర్నల్ అందుకోబోతుండగా ధనుంజయ అడ్డం వచ్చి కార్డు చూపించాడు.

"సుబేదార్ మునిశామప్పా, నిన్ను అరెస్టు చేస్తాండాను. ఈ పారాచూట్ తెరుచుకోదు. ఆ ఏర్పాటు నువ్వే చేసినావు. ఇంగ్లండు ఫోన్లో నువ్వన్న మాటలన్నీ విన్నాను."

పక్కనే కామెంటరీ మైక్ ఆన్‌లో ఉంది. మాట మైదానమంతా మోగింది.

మునిశామప్ప ప్యాకును వెనక్కి తీసుకుని గుండెకు ఆనించుకున్నాడు. మాట్లాడింది అక్కయమ్మ. "గూళ్ళ యాపారివని ముద్ద పెడితినే. ఆ ఫోను మాట అడిగింటే ఆయనే చెప్పుండును. ఆ ఇంగ్లీషాయమ్మ తాత ఈ డివిజన్లో ఉండె. పాత ఫోటోలో యా మనిషి ఎవురని వారానికోసారి అడుగుతాది."

ధనుంజయ చెవులు వేడెక్కాయి. అయినా వెనక్కి తగ్గలేదు. "ప్యాక్ విప్పి చూద్దాం."

"విప్పొద్దు," అన్నాడు మునిశామప్ప. "విప్పినాక ఎవురైనా ఏమైనా అంటారు. మా దళంలో ఒక రూలు ఉండాది. మడిచినోడిని ఎప్పుడు కావాలన్నా, నువ్వు మడిచింది నువ్వే తగిలిచ్చుకోని దూకు అని అడగొచ్చు. మూటకట్టినాక దాన్ని ముట్టినోళ్ళకీ అదే రూలు. నన్ను ఎవురూ అడగలే. నేనే అడుగుతాండాను."

"మీ వయసులో వద్దు, సుబేదార్ సాబ్," అన్నాడు కర్నల్.

"నా వయసుకు దొంగ అనిపించుకోవడం మటుకు తగునా, సార్?"

కర్నల్ దారి వదిలాడు. ముసలాయన పట్టీలు బిగించుకుని విమానం వైపు నడిచాడు. అరవై ఏళ్ళ కాపురం చేసిన అక్కయమ్మ ఆపలేదు, ఏడవలేదు. ఆమె ముఖం చూడలేక ధనుంజయ తల తిప్పుకున్నాడు. తిప్పుకున్న వైపే నమ్రత కనిపించింది.

ముద్ద తొక్కడం కూడా వదలకుండా తీసిన మనిషి, ఇంత పెద్ద ఘట్టాన్ని తీయడం లేదు. కెమెరా సంచిలో పెట్టేసి కారు వైపు వెళుతోంది.

అప్పుడు వెలిగింది అతనికి. పరుగెత్తాడు. ముసలాయన ఒక కాలు విమానం మెట్టు మీద పెట్టేశాడు. వెనక నుంచి పట్టీలు పట్టుకుని లాగి, ప్యాక్ భుజాల నుంచి దింపించి, దాన్ని మోసుకుని పోయి కారు ముందు నిలబడ్డాడు.

"నువ్వూ ముట్టినావు కదమ్మా, ఫోటో కోసమని. రూలు విన్నావు కదా. తగిలిచ్చుకో."

"జోకా?" అంది నమ్రత.

"ముందు తగిలిచ్చుకో. నవ్వేది తర్వాత చూద్దాం."

ఆమె ముఖంలో రంగు పోయింది. చేయి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్ళింది. లిప్‌స్టిక్ బయటికి తీసేలోపు ధనుంజయ మణికట్టు మెలితిప్పి పట్టుకున్నాడు. గొట్టం లోంచి చుక్క ఒకటి కారు బానెట్ మీద పడింది. పెయింటు బుసబుసమని పొంగి ఊడిపోయింది. ప్యాక్ విప్పి చూస్తే, ఆ యాసిడ్ తిన్న తాళ్ళు చేతికి పోగులు పోగులుగా వచ్చాయి. అది తెరుచుకోకపోతే వాడే రిజర్వ్ ప్యాకుదీ అదే గతి. దవనం రెండు వైపులా పరిమళించిందనుకున్నారు గానీ, ఒక వైపే పనిచేసింది.

పోలీసులు ఆమెను తీసుకుపోయారు. కుట్ర భగ్నమైంది. మామూలుగా ఇక్కడికి కథ అయిపోవాలి.

అవలేదు. ధనుంజయ మైకులో తప్పు ఒప్పుకున్నాడు, మునిశామప్పది ఏ దోషమూ లేదని చెప్పాడు. వింటే కదా. అరెస్టు అన్న మాట విన్నంత శ్రద్ధగా ఈ మాట ఎవరూ వినలేదు. "నిప్పు లేంది పొగ వస్తాదా?" అని ఒకాయన. "ఏమో, చేతులు వణుకుతాండాయి చూడు," అని ఇంకొకాయన. మునిశామప్ప ఇవన్నీ వింటూనే ఎగ్జిబిషన్‌లో వేలాడదీసిన ఇంకో పారాచూట్‌ను తెచ్చి బల్ల మీద పరిచి మడుస్తున్నాడు. మడత మడతనూ అరచేత్తో రుద్ది చదును చేస్తున్నాడు. కర్నల్‌కు పైనుంచి ఆర్డరు వచ్చింది, ఈ రోజు దూకవద్దని. మడిచిన ప్యాక్ బల్ల మీద ఉండిపోయింది. దాని పక్కన ముసలాయన నిలబడి ఉన్నాడు.

ముసలాయన పేరు చెడగొట్టింది తన నోరు. మాటలతో పోయిన పేరు మాటలతో రావడం లేదు. ధనుంజయ వెళ్ళి ప్యాక్ ఎత్తుకున్నాడు.

"నేను దూకుతాను."

"నేర్చుకున్నావా ఎప్పుడన్నా?" అన్నాడు మునిశామప్ప.

"ట్రైనింగులో దూకించినారప్పా. భయంతో కళ్ళు మూసుకున్నాను. సరిగ్గా జ్ఞాపకం లేదు."

మునిశామప్ప ఒక్కో పట్టీ లాగి చూసి బిగించాడు. మళ్ళీ మొదటి పట్టీ నుంచి చూశాడు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది ధనుంజయకు.

విమానం తలుపు అంచు పట్టుకుని ధనుంజయ కిందికి చూశాడు. కింద మల్బరీ తోటలు, గుట్టలు, చిన్నగా మైదానం. అంతమంది తలలెత్తి చూస్తున్నారు. ముసలాయన కూడా ఇంతకు ముందు ఇలాగే మెట్టు ఎక్కబోయాడని గుర్తొచ్చింది. దూకాడు. కొంతసేపు ఏమీ జరగలేదు. తర్వాత భుజాలు రెండూ ఎవరో పైనుంచి పట్టి ఎత్తినట్టయింది. తలెత్తి చూస్తే తెల్లటి గుడ్డ నిండుగా విచ్చుకుని ఉంది. మైదానంలో చప్పట్లు అక్కడిదాకా వినిపించాయి. అవి తనకు కాదని అతనికి తెలుసు. అందుకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గాలికి కొట్టుకుపోయి టొమాటో తోటలో పడ్డాడు. మునిశామప్ప గట్ల మీదుగా వచ్చి ముందు గుడ్డ చూశాడు, తర్వాత తాళ్ళు చూశాడు, ఆ తర్వాత మనిషిని చూశాడు.

"తప్పయింది అప్పా," అన్నాడు ధనుంజయ.

"తప్పే," అన్నాడు మునిశామప్ప. "దిగేటప్పుడు కాళ్ళు రెండూ చేర్చి పెట్టుకోవాల. ఆ కొస పట్టుకో, మట్టి కాకుండా మడుద్దాం."

ఇద్దరూ మడుస్తుండగా చీఫ్ ఫోను చేసింది. "మిషన్ సక్సెస్ అంట. అయితే నువ్వు దూకేది ఆర్డర్లో లేదు కదా. రిపోర్టులో ఏమని రాసేది?"

ధనుంజయ జుట్టులోంచి టొమాటో గింజలు దులుపుకున్నాడు.

"మిగతాదంతా నా ఘనకార్యమని రాసుకోండి మేడం. ఇది మటుకు, నేను పోగొట్టిన పేరు తిరిగిచ్చేకి నిజంగా చేసిన పని."