పసుపంటిన జెర్సీ

ఏజెంట్ జగన్నాధం చేపట్టిన మిషన్ ఒక్కటీ ఇంతవరకూ బెడిసికొట్టలేదు. కావాలంటే ఢిల్లీలో అడిగి చూసుకోండి.

"టార్గెట్ చీపురుపల్లి చీతాస్," అన్నాడు చీఫ్ ఫోన్లో. "వీడియోగేములాడే ఈ-స్పోర్ట్స్ టీమ్. ఇవాళ విజయనగరంలో ఫైనల్. వాళ్ల స్పాన్సర్ ఒక విదేశీ ముఠా. జెర్సీ గుండె మీద క్యూఆర్ కోడ్ వేయించారు. లైవ్ చూస్తూ ఎవడు స్కాన్ చేసినా వాడి బ్యాంకు ఖాతా ఖాళీ. కోడ్ కెమెరాకి కనపడకూడదు. స్పాన్సర్ ఆఫీసులో మన మనిషి షాలిని. కోడ్‌వర్డ్ ఉప్పుచేప."

ఫైనల్ ఒక కల్యాణమండపంలో. జగన్నాధం కూల్‌డ్రింక్ కంపెనీ మేనేజర్ వేషంలో దిగాడు. ముత్యాల దుద్దులు ఊగుతుండగా షాలిని దగ్గరికొచ్చి "ఉప్పుచేప" అంది. అతను పొంగిపోయి, లైవ్ ఆపే జామర్ పెన్ను ఆమె చేతిలో పెట్టాడు. ఆమె అతని కళ్లముందే దాన్ని సాంబారు గంగాళంలో పడేసింది. డబుల్ ఏజెంట్.

ఒళ్లు మండిపోయింది. ఇక దాపరికం దేనికని, టీమ్ నడిపే నీలవేణికి స్పాన్సర్ సంగతి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"రుజువేటి?" అందామె.

రుజువు సాంబారులో ఉడుకుతోంది.

"సూడు బావూ. గెలిసిన ప్రైజు కరెంటు బిల్లుకే సాలదు. టీమ్ బతికేది జెర్సీ మీద పేరుతోనే. ఏడాదంతా తిరిగితే ఈళ్లొక్కలే దొరికినారు. వదిలేస్తే రేపు తలుపులు మూసీడమే. నీ కూల్‌డ్రింకోళ్లు ఇస్తారేటి?"

"నేను కూల్‌డ్రింకు మనిషిని కాదమ్మా."

"మరెందుకు నా పేణం తీస్తావు?"

చీఫ్‌కి ఫోన్ చేస్తే "మీరు క్యూలో ఉన్నారు" అని వినిపించింది. అన్నట్టు, ఒక్క మిషనూ బెడిసికొట్టలేదన్నాను కదా. అతనికి ఇదే మొదటి మిషన్.

లైవ్‌కి సిద్ధమని కెమెరామన్ చెయ్యెత్తాడు. కుర్రాళ్లు అప్పుడే ప్యాకెట్లు చింపి కొత్త జెర్సీలు తొడుక్కున్నారు. మడత కూడా నలగలేదు. అది చూసి జగన్నాధం గొంతు లేచింది.

"ఒరే, కొత్త బట్టలకి పసుపు పెట్టకుండా ఏసీసుకున్నారేట్రా? అదీ ఫైనల్‌కి?"

నీలవేణి నాలిక కరుచుకుంది. "నిజిమే. మర్సిపోనాం."

జగన్నాధం వంటశాలలోకి దూకి, తడి పసుపు గిన్నెతో వచ్చి, అరచేత్తో ఒక్కో గుండె మీదా పులిమేశాడు. చివరి కుర్రాడి మీంచి చెయ్యి తీయడం, లైవ్ మొదలవడం ఒక్కసారే.

"మూలని సుక్క పెడతారు గానీ, ఇలా అలుకుతారేటి?" గొణిగింది నీలవేణి.

"ఫైనల్ కదమ్మా."

ఊరూరా ఫోన్లు లేచాయి. ఒక్కదాంట్లోనూ కోడ్ స్కాన్ కాలేదు. ఫోన్ క్యూ ఎట్టకేలకు కదిలి చీఫ్ పలికాక, ఆయన పంపిన పోలీసులు తీరిగ్గా వచ్చి షాలినిని తీసుకుపోయారు. వెళ్తూ ఆమె జగన్నాధాన్ని చూసి నవ్వింది.

చీతాస్ ఓడిపోయారు. స్పాన్సర్ ముఠా జైలుకి పోయింది. నీలవేణి జగన్నాధాన్ని నమిలేసేలా చూస్తుండగా ఆమె ఫోన్ మోగింది. శృంగవరపుకోట పసుపు మిల్లు ఓనరు.

"అమ్మా, తెర నిండా మన సరుకే కనిపిస్తన్నాది. ఆ పక్కన మా మిల్లు పేరు కూడా ఏయించీ. ఏడాదికి ఎంతవుతాదో సెప్పు."

నీలవేణి కుర్రాళ్ల వైపు తిరిగింది. "ఒరే, ఆ జెర్సీలు ఉతక్కండి," అంది నీరసంగా.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, షాలిని నవ్వడం. ఆవిడ అతని వైపు చూడనైనా లేదు.