బోర్డుకు కరెంటు ఎవరిస్తారు?

మంగలి వేడి తువ్వాలు తీసేసరికి కుర్చీలో మాష్టారు చచ్చిపోయి ఉన్నాడు.

నిద్రపోతున్నాడనుకున్నాడు మంగలి. చెంపకు నురుగు రాసి, "తల కాస్త ఇటు తిప్పండి సార్" అన్నాడు. తల తిరగలేదు. పెదాలు నీలంగా ఉన్నాయి. కత్తి అక్కడే పడేసి వీధిలోకి పరుగెత్తాడు.

లోకానికి ఆయన రిటైరైన ఎలక్ట్రానిక్స్ మాష్టారు. గూఢచారి డిపార్ట్‌మెంట్‌కు మాత్రం ఎలాంటి చిప్పు చేతనైనా నిజం కక్కించగల ఒకే ఒక్క మనిషి.

ఊరికి ఇంకో కొసన, సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న షాపులో, ఏజెంట్ కొంగ పగిలిన స్క్రీన్ ఊడదీస్తున్నాడు. పొడుగ్గా ఉండి, అవసరమైతే ఎంతసేపైనా కదలకుండా నిలబడగలడని ఆ పేరు పెట్టారు. చెవిలోని యంత్రం గరగరలాడింది.

"మాష్టారు పోయాడు." చీఫ్ గొంతులో తడి లేదు. "తువ్వాల్లో విషం. మధ్యాహ్నం బోర్డు నీ షాపుకొస్తోంది. ఆయన చేయాల్సిన పని నువ్వు చెయ్యాలి."

"సార్, నాకు స్క్రీన్లు మార్చడం తప్ప..."

"ఆయన నీకు నేర్పాడు కదా?"

"సగం నేర్పాడు సార్."

"మిగతా సగం నటించు."

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. సరిహద్దు అవతలి ముఠా ఒకటి, యంత్రాలను నడిపించే, అరచేతిలో పట్టే మైక్రోకంట్రోలర్ బోర్డుతో ఊళ్లో ఏదో ఘోరం తలపెట్టింది. వాళ్ల ఇంజనీరు విమానాశ్రయంలోనే దొరికిపోయాడు. అందుకే బోర్డును సిద్ధం చేసి, కరెంటిచ్చి, నడిపించి చూపే పని ఈ షాపుకు అప్పగించారు. ఈ షాపు తమదేనని వాళ్ల నమ్మకం.

"బోర్డు రాగానే పట్టేసుకుంటే సరిపోదా?"

"రేపు ఇంకోటి వస్తుంది. మాష్టారు ఎక్కడ గడ్డం గీయించుకుంటాడో తెలిసినవాడు మనలోనే ఉన్నాడు. వాడు కావాలి నాకు. బోర్డును నిద్ర లేపు. బయటికి పోనివ్వు. అసలు సమయానికి మాత్రం అది తూలి పడాలి. పడితే లేపి నిలబెట్టడానికి వాడే వస్తాడు."

"ఎలా తూలుతుంది?"

"నీ సొరుగులో ఓ అడాప్టర్ ఉంది. పైన పన్నెండు వోల్టులని రాసుంటుంది, లోపల మాష్టారు దాని నడుం విరగ్గొట్టాడు. చిన్న దీపం వెలిగించడానికి సరిపోతుంది. బోర్డులో ఆజ్ఞలు పంపే రేడియో మొదలైందా, కరెంటు చాలక వోల్టేజీ పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పకు. ఇంట్లో కూడా."

ఇంట్లో అంటే షాపు పైనున్న రెండు గదుల్లో. అక్కడ కొంగకు ఒక భార్య, ఒక అత్తగారు ఉన్నారు. ఇద్దరూ డిపార్ట్‌మెంట్ ఇచ్చినవాళ్లే.

భార్య కోడ్ పేరు నెమలి. ఆమె మెట్లు దిగుతుంటే కౌంటరు దగ్గరి కస్టమర్లు ఫోను రిపేరు సంగతి మర్చిపోయేవాళ్లు. ముఠాకు ఆమె ముఠా మనిషి, డిపార్ట్‌మెంట్‌కు డిపార్ట్‌మెంట్ మనిషి. నిజంగా ఎవరి మనిషో ఏడాదిగా ఒకే కప్పు కింద ఉంటున్న కొంగకు తెలియదు. రోజూ పొద్దున్నే ఆమె "ఏమండీ, టీ" అన్నప్పుడల్లా అతని గుండె ఒక లెక్క వేసేది, బుర్ర ఇంకో లెక్క వేసేది.

అత్తగారు సర్వీసులో తలపండిన మనిషి. మోకాళ్ల నొప్పులు, మసక కళ్లజోడు, చేతిలో గుడ్డసంచి. మెట్ల మీద కూర్చుని కూరలు తరుగుతూనే వీధిలోకి ఎవరొచ్చారో, ఎవరు రాలేదో చెప్పేది. కొంగకు కన్నతల్లి లేదు. ఆవిడ వడ్డిస్తే ఇంకో ముద్ద ఎక్కువే తినేవాడు.

మాష్టారి కబురు విని ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "మంచివాడు పాపం. అల్లుడూ, ఆ పిల్ల పొద్దున ఎక్కడికో వెళ్లొచ్చింది. చూశావా?"

"చూశాను అత్తయ్యా."

"నేనేం అనను. ఓ కన్నేసి ఉంచు. నీ మొహంలో రక్తం లేదు నాయనా, ఏమన్నాడు చీఫ్?"

కొంగ అటూ ఇటూ చూశాడు. చెప్పొద్దన్న మాట గుర్తుంది. కానీ గొంతులో అడ్డం పడిన ముద్దలా ఉంది ఆ రహస్యం. తమలోనే ఉన్న ద్రోహి సంగతి దిగమింగాడు. అడాప్టర్ సంగతి మాత్రం చెప్పేశాడు.

"మంచి ఎత్తే," అంది ఆవిడ. మళ్లీ కత్తిపీట ముందు కూర్చుంది.

ఎండ వాలకముందే ముఠా మనిషి వచ్చాడు. ఉక్కపోతలో కూడా కోటు, మెడకు బిగించిన టై. అతని ఫైల్లో ఎక్కడా పేరు లేదు కాబట్టి డిపార్ట్‌మెంట్‌లో అందరికీ టైబాబే.

"ఛార్జింగ్ పెడితే వేడెక్కుతోంది," అన్నాడు టైబాబు.

"వేడెక్కితే తప్పు బ్యాటరీది కాదు, తీగది," అన్నాడు కొంగ.

కోడ్ కుదిరింది. షట్టరు సగానికి దిగింది. టైబాబు కళ్లజోడు డబ్బా తెరిచి అందులోంచి వెండి రంగు కవరు తీశాడు. కొంగ ముందు బల్ల ఇనప కాలును ముట్టుకున్నాడు. ఒంట్లోని స్టాటిక్ ఒక్క చిటుక్కుమన్నా చిప్పు పోతుందని మాష్టారు చెప్పిన మొదటి పాఠం అది. తర్వాత కవరు చింపి, బోర్డును అంచులు పట్టుకుని రబ్బరు చాప మీద పెట్టాడు. నీలం రంగు పలక, రెండు వరసల పిన్నులు, మధ్యలో నల్లటి చిప్పు. చూడ్డానికి ఇంత అమాయకమైన వస్తువు ఇంకోటి ఉండదు.

యూఎస్‌బీ కేబుల్ తగిలించాడు. బోర్డు మీద ఎర్రదీపం వెలిగింది. కానీ ల్యాప్‌టాప్ ఉలకలేదు, పలకలేదు. పోర్టుల జాబితా ఖాళీగా ఉంది. తీసి మళ్లీ పెట్టాడు. ఖాళీయే.

"ఏంటి?" టైబాబు కుడిచెయ్యి మెల్లగా కోటులోకి పోయింది.

"డ్రైవర్ సాఫ్ట్‌వేర్ లేదు కావచ్చు. ఒక్క నిమిషం..." కొంగ వీపు మీద చెమట ధార కట్టింది. మాష్టారు నేర్పని సగం ఇదేనేమో.

వెనకనుంచి గాజుల చప్పుడు. నెమలి ఇంకో కేబుల్ అతని ముందు పడేసింది. "ఏమండీ, మీరు పెట్టింది ఛార్జింగ్ తీగ. అందులో కరెంటు తప్ప డేటా పోదు. పొద్దున్నుంచీ తిండి లేకపోతే ఇలాగే ఉంటుంది మతి." టైబాబు వైపు తిరిగి నవ్వింది. "ఇంటాయన కాస్త నీరసంగా ఉన్నారు."

కేబుల్ మారింది. టింగుమంది ల్యాప్‌టాప్. పోర్టు కనిపించింది. కొంగ ముందుగా అందరూ రాసే తొలి ప్రోగ్రామే ఎక్కించాడు. బోర్డు మీద ఆకుపచ్చ దీపం వెలుగుతూ ఆరుతూ కన్ను కొట్టింది. అప్పుడు టైబాబు తన పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. అసలు ఫైలు బోర్డులోకి ఎక్కుతున్నంతసేపూ రబ్బరు చాప అడుగున దాచిన యంత్రం దాన్ని కాపీ చేసుకుంటూనే ఉంది.

"అక్కడ కంప్యూటర్ ఉండదు. గోడ ప్లగ్గు ఒక్కటే," అన్నాడు టైబాబు.

"అయితే అడాప్టర్ కావాలి." కొంగ సొరుగులోంచి మాష్టారి అడాప్టర్ తీసి బోర్డుకు గుచ్చాడు. ఆకుపచ్చ దీపం నిక్షేపంగా కన్ను కొట్టింది.

"రేడియో కూడా ఆన్ చెయ్యి. చూస్తాను."

కొంగ చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఆన్ చేస్తే ఇక్కడే తూలిపోతుంది. తూలితే కోటులోని చెయ్యి బయటికొస్తుంది.

"మీకేమైనా పిచ్చా?" నెమలి గొంతు కటువుగా మోగింది. "ఇక్కడ రేడియో వేస్తే వీధిలో ఎవడి చెవిన పడుతుందో! ఇంతా చేసి షాపులోనే దొరికిపోతారా?"

టైబాబు వీధి వైపు ఓసారి చూశాడు. బోర్డునూ అడాప్టర్‌నూ డబ్బాలో సర్దుకున్నాడు. "నువ్వూ రా. తేడా వస్తే జవాబు చెప్పాల్సింది నువ్వే."

ఇద్దరూ కారెక్కారు. నెమలి వెనక్కి తిరిగి చూడలేదు.

కొంగ చాప అడుగునుంచి కాపీ తీసి తెరిచాడు. మూడో వరసకే సంగతి అర్థమైపోయింది. వాళ్ల గురి నీటి శుద్ధి కేంద్రం. విషవాయువు క్లోరిన్ సిలిండర్ల వాల్వులన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. కంట్రోల్ తెర మీద మాత్రం అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఆ కేంద్రం గోడకు అవతల ప్రసూతి ఆసుపత్రి ఉంది.

మెట్ల మీదనుంచి అత్తగారు తొంగి చూసింది. "గండం గడిచిందా?"

"నెమలి రక్షించింది అత్తయ్యా."

"రక్షించిందా, నమ్మించిందా?" నిట్టూర్చింది ఆవిడ. "నువ్వు వెళ్లు. చీఫ్‌కు కబురు నేను పెడతాను."

ఆవిడ పెడతానన్నా కొంగ దారిలో తనే చీఫ్‌కు చెప్పాడు. అంతకుముందు కబురేదీ అందలేదని చీఫ్ అన్నప్పుడు, ముసలావిడ నంబరు మర్చిపోయిందేమో అనుకున్నాడు.

ఖాకీ చొక్కా, భుజాన పనిముట్ల సంచి, చేతిలో పైపు రెంచి. కుళాయి మేస్త్రీ వేషంలో వచ్చిన కొంగను గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. ఆపడానికి ఎవరూ మెలకువగా లేరు. వాచ్‌మన్ టీ గ్లాసు పక్కనే గుర్రుపెడుతున్నాడు. కంట్రోల్ రూములో ఆపరేటరు బల్ల మీద తల వాల్చేశాడు. కిటికీలోంచి సాయంకాలపు ఎండ నేల మీద ఏటవాలుగా పడుతోంది. ఎక్కడో మోటార్లు ఒకే శ్రుతిలో మూలుగుతున్నాయి. కొంగ ప్యానెళ్ల వెనక్కి జరిగి కదలకుండా నిలబడ్డాడు.

నెమలిని వెంటబెట్టుకుని లోపలికొచ్చిన టైబాబు ప్యానెల్ తలుపు తెరిచి లోపల బోర్డు పెట్టాడు. అడాప్టర్ గోడకు గుచ్చాడు. ఆకుపచ్చ దీపం కన్ను కొట్టింది. మీట నొక్కాడు. దీపం ఆరిపోయింది. కాసేపటికి మళ్లీ మొదటినుంచీ కన్ను కొట్టడం మొదలుపెట్టింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ ఆరింది.

"ఏంటే ఇది?" పిస్తోలు నెమలి కణతకు ఆనింది. "నీ మొగుడు ఇచ్చిన అడాప్టరే కదా?"

"ఆయన్నే అడగండి." ఆమె గొంతు వణకలేదు. ప్యానెళ్ల వెనక కొంగ రెంచి బిగించి పట్టుకున్నాడు. బోర్డును లేపడానికి ఆ ద్రోహి రావాలి. వచ్చేదాకా ఆగాలి. ఆగేలోపు ట్రిగ్గర్ నొక్కితే?

తలుపు కిర్రుమంది. గుమ్మంలో గుడ్డసంచితో అత్తగారు!

కొంగకు మతి పోయింది. తమ కోసం ప్రాణాలకు తెగించి వచ్చిందనుకున్నాడు. "అత్తయ్యా, వెనక్కి పొండి!" అంటూ చాటునుంచి బయటికి దూకాడు.

పిస్తోలు అతని వైపు తిరిగింది. ఆవిడ మాత్రం వెనక్కి పోలేదు. టైబాబు రెండో చేత్తో ఆవిడకు కుర్చీ లాగాడు. "కూర్చోండి మేడమ్."

కొంగ ఆ కుర్చీనీ ఆవిడనీ మార్చి మార్చి చూశాడు.

"అలా చూడకు అల్లుడూ." ఆవిడ కూర్చుని మోకాళ్లు నిమురుకుంది. "సరిహద్దు దగ్గర గుండు తగిలి పడి ఉంటే మనవాళ్లు నన్ను చచ్చినవాళ్ల లెక్కలో రాసేసుకున్నారు. కట్టు కట్టింది అవతలివాళ్లు. ఏళ్ల తర్వాత తిరిగొస్తే దండ వేసి మళ్లీ పనిలో పెట్టుకున్నారు. ఒక్కడూ అడగలేదు, అన్నాళ్లూ ఎక్కడున్నావని. ముసలిదాన్ని ఎవరు అనుమానిస్తారు? మంగలి షాపులో ఆ తువ్వాలు విషంలో ముంచి పిండింది నేనే."

"షాపు మాదని మీకు తెలుసు కదా! మరి బోర్డును అక్కడికి ఎందుకు రానిచ్చారు?"

"ఇంకెక్కడ లేపినా మీరు దారిలోనే పట్టుకునేవాళ్లు. దాని నడుం విరగ్గొట్టామనుకున్నారు కాబట్టే ఇక్కడిదాకా దగ్గరుండి సాగనంపారు." సంచిలోంచి కొత్త అడాప్టర్ తీసింది. "ఇది మాత్రం మంచిది. ఇదిగో అమ్మాయ్, నువ్వు పెట్టు. నాకు చిన్నవి కళ్లకు ఆనవు. నువ్వు మనదానివని పైవాళ్లు చెప్పారులే, ఇక మొగుణ్ణి చూసి బెంగపడకు."

నెమలి అడాప్టర్ అందుకుంది. కొంగ ఆమె కళ్లలోకి చూశాడు. అక్కడ ఏమీ కనిపించలేదు. పాతది పీకి కొత్తది గుచ్చింది. ఆకుపచ్చ దీపం వెలిగింది. టైబాబు మీట నొక్కగానే పక్కనే రేడియో నీలం దీపం వెలిగి స్థిరంగా నిలిచింది. గోడకు అవతల మొదటి వాల్వు మోటారు గుర్రుమంటూ తిరగడం మొదలైంది.

"శభాష్," అంది అత్తగారు.

నెమలి చెదిరిన జుట్టు సవరించుకుంటున్నట్టు చెయ్యి ముడి మీదికి పోనిచ్చింది. ముడిలోని రెండు కాళ్ల ఇనప పిన్ను లాగింది. ఒక కాలు అడాప్టర్ కరెంటు వచ్చే పిన్ను మీద, రెండోది చిప్పుకు నేరుగా వెళ్లే మూడు పాయింట్ మూడు వోల్టుల పిన్ను మీద పెట్టి నొక్కింది.

చిటుక్కుమంది. మూడు వోల్టులు తాగాల్సిన చిప్పు గొంతులో పన్నెండు పడ్డాయి. సన్నటి పొగ లేచింది. నీలం, ఆకుపచ్చ, ఎర్ర దీపాలు ఒకేసారి ఆరిపోయాయి. సిగ్నల్ తెగిన వాల్వు మోటారు వెనక్కి తిరిగి, మూసుకుని, ఆగిపోయింది.

టైబాబు ఆమె వైపు తిరిగాడు. కొంగకు ఆ మాత్రం సందు చాలు. పైపు రెంచి వెళ్లి మణికట్టుకు తగిలింది. పిస్తోలు పేలి గుండు కిటికీ అద్దంలోంచి దూసుకుపోయింది. ఆ చప్పుడుకే కాచుకున్న డిపార్ట్‌మెంట్ మనుషులు తలుపులు తోసుకుని వచ్చారు.

అత్తగారు లేచి పారిపోలేదు. కొంగ ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"గట్టిగా పట్టుకోకు నాయనా, వాతం." తర్వాత నెమలిని తేరిపార చూసింది. "నువ్వు మనదానివే అనుకున్నానే."

"నేనూ మీరు మా అమ్మే అనుకున్నాను," అంది నెమలి. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం ఆమె గొంతు పగిలింది.

ఆవిడను తీసుకెళ్లిపోయాక గదిలో కాలిన ప్లాస్టిక్ వాసన మిగిలింది. ఆపరేటరు ఇంకా గుర్రుపెడుతూనే ఉన్నాడు. కొంగ నేల మీద కూలబడ్డాడు. మంగలి షాపూ, మెట్ల మీది కత్తిపీటా, ఆవిడ వడ్డించిన ముద్దలూ ఒకదాని మీద ఒకటి కళ్ల ముందు తిరిగాయి. నెమలి వచ్చి అతని పక్కనే కూర్చుంది. భుజం తగిలింది. ఇద్దరూ జరగలేదు.

"ఏడాదిగా నిన్నే అనుమానించాను," అన్నాడు కొంగ.

"తెలుసు. కంచం ముందు కూర్చున్నప్పుడల్లా నేను మొదటి ముద్ద తినేదాకా ఆగేవారు."

చెవిలో చీఫ్ గొంతు పలికింది. "ఇద్దరూ రేపు కొత్త ఊరు వెళ్లాలి. కవర్ పాతదే. మొగుడూ పెళ్లాలూ, ఇంట్లో ఒక పెద్దావిడ."

కొంగ ఆ మాట నెమలికి చెప్పాడు. ఆమె జుట్టు మళ్లీ ముడి వేసుకుంది.

"ఏమండీ," అంది, "ఈసారి మా అమ్మ వద్దు. మీ అమ్మను తెచ్చుకుందాం. అత్తగారైతే మొదటిరోజు నుంచే అనుమానిస్తాను."