దిక్కు తప్పిన రాడార్

పడవ కనపడకుండా పోయి అది మూడో రోజు. సాయంత్రం నాలుగు దాటింది.

ఆరింటికి వెతుకులాట ఆపేస్తామని కోస్ట్‌గార్డ్ నుంచి కబురు వచ్చింది. ఆపేస్తే పెద్దోడు పోయినట్టే. చిన్నోడి మీద హత్య కేసు నిలిచినట్టే.

అన్నదమ్ములిద్దరూ వేటకు వెళ్లారు. ఒడ్డు లీలగా కనిపించే దూరంలో ఇంజన్ ఆగింది. వైర్‌లెస్ మూగబోయింది. చిన్నోడు ఒక్కడే ఈదుకుంటూ తిరిగొచ్చాడు.

రాడార్ స్టేషన్ ఇచ్చిన మ్యాపు ప్రకారం పడవ ఉత్తరానికి కొట్టుకుపోయి ఉండాలి. ఉత్తరమంతా జల్లెడ పట్టారు. చెక్కముక్క కూడా దొరకలేదు. పడవ లేదంటే వీడే ముంచేశాడని ఊరంతా అన్నారు. ఇన్‌స్పెక్టర్ కూడా అదే అనుకుంది. లాకప్‌లో వేసింది.

కానీ ఆమెకో జబ్బుంది. కేసు తేలికగా తేలిపోతే తిండి సయించదు. ఈ కేసులో సాక్షి ఆ మ్యాపు ఒక్కటే. సరే, సాక్షినే ప్రశ్నిద్దామనుకుంది. చిన్నోడికి బేడీలు వేసి, పెద్దోడి భార్యని వెంటబెట్టుకుని కొండ మీది స్టేషన్‌కి వచ్చింది.

చిన్న గది. ఏసీ హోరు. రెండు స్క్రీన్లు, వాటి ముందు స్టేషన్ ఇంజనీర్, పక్కన ఒక ఇనుప బీరువా. కిటికీ బయట తీగలతో లాగి కట్టిన యాంటెన్నా స్తంభం.

గదిలోకి రాగానే పెద్దోడి భార్య మరిది మీదికి వెళ్లింది.

"ఉన్న ఒక్క లైఫ్ జాకెట్టూ నువ్వే వేసుకొచ్చావు. మీ అన్నకేం మిగిల్చావురా?"

"అన్నయ్యే తొడిగాడు వదినా. నాకు ఈత బాగా వచ్చని సాయం కోసం నన్ను పంపాడు."

"పోయినవాడు వచ్చి చెప్పడని ధైర్యం. నువ్వు ఉరికంబం ఎక్కాకే నా కడుపుమంట చల్లారేది."

చిన్నోడు తల దించుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ ఇంజనీర్ వైపు తిరిగింది.

"ఈ రాడార్ ఏం చూస్తుంది?"

"రేడియో తరంగాలు పంపుతాం మేడమ్. అలల మీద పడి తిరిగొస్తాయి. వాటిలో వచ్చిన తేడాని బట్టి నీళ్లు మా వైపు వస్తున్నాయా, దూరంగా పోతున్నాయా తెలుస్తుంది. అవతలి కొండ మీద ఇంకో స్టేషన్ ఉంది. రెండూ కలిపితే ప్రవాహం ఎటో మ్యాపులో బాణాలు పడతాయి."

"తప్పు చెప్పదా?"

"యాంటెన్నా సరిగ్గా ఉన్నంతవరకు చెప్పదు."

"సరిగ్గా ఉందని ఎలా తెలుస్తుంది?"

"కాలిబ్రేషన్ చేస్తాం. చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టెని పడవలో పెట్టి ఈ కొండ ముందు సముద్రంలో అర్ధచంద్రంలా తిప్పుతాం. పడవ ఎక్కడుందో మనకి తెలుసు. యాంటెన్నా ఎక్కడుందంటుందో సరిచూస్తాం."

"ఆఖరిసారి ఎప్పుడు చేశారు?"

"పోయిన నెల గాలివానకి స్తంభం పడిపోయింది. నిలబెట్టిన మర్నాడే చేశాం."

"ఎవరి పడవ?"

ఇంజనీర్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "వీళ్లదే. పెద్దోడే తిప్పాడు."

చిన్నోడు తలెత్తాడు. "లేదు మేడమ్. ఎప్పుడూ మేమే వెళ్తాం. ఈసారి మమ్మల్ని పిలవలేదు."

"వీడి మాట నమ్మకండమ్మా. నోరు తెరిస్తే అబద్ధం," అంది వదిన.

"పెట్టె చూపించండి," అంది ఇన్‌స్పెక్టర్.

ఇంజనీర్ బీరువాలోంచి పసుపు రంగు పెట్టె తీశాడు. పాతది గాలివానలో కొట్టుకుపోయిందట. ఇది కొత్తది.

"దీన్ని వాడింది ఆ ఒక్కసారేనా?"

"అవును మేడమ్. మూడు గంటలు."

"బ్యాటరీ మార్చారా?"

"లేదు."

ఆమె మూత తీసింది. అందరికీ కనపడేలా బల్ల మీద పెట్టింది.

"కొత్త బ్యాటరీకి అడ్డంగా పెట్టే ప్లాస్టిక్ ముక్క ఇంకా ఇందులోనే ఉంది. ఇది లాగితే గానీ కరెంటు పారదు. మూడు రోజులుగా అందరం మ్యాపునే చూస్తున్నాం. మ్యాపుని పరీక్షించే పెట్టె వైపు ఒక్కళ్లమూ చూడలేదు, నాతో సహా. ఇది ఒక్క నిమిషం కూడా పనిచెయ్యలేదు. చేశారన్న కాలిబ్రేషన్ దేంతో చేశారు సార్?"

ఇంజనీర్ ఆ ప్లాస్టిక్ ముక్క వైపు చూశాడు.

"సముద్రం మరీ పోటుగా ఉంది మేడమ్. పైవాళ్లు రోజూ ఫోన్లు. అయిపోయిందని చెప్పేశాను. స్తంభం పడకముందు చేసిన పాత కాలిబ్రేషన్ ఫైలే ఎక్కించాను."

"మూడు రోజులు ఒక మనిషి కోసం వెతుకుతుంటే నోరెందుకు విప్పలేదు?"

"ఉత్తరాన దొరక్కపోయేసరికి అనుమానం వచ్చింది. అప్పటికే మీరు వీణ్ని అరెస్టు చేశారు. వీడే చేసుంటాడులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను."

ఇన్‌స్పెక్టర్‌కి అతని చెంప పగలగొట్టాలనిపించింది. టైము లేదు. పైగా ఆ అరెస్టు చేసింది తనే.

"మా ఆయన ఎటు పోయాడు? ముందు అది చెప్పు," అని పెద్దోడి భార్య అతని చొక్కా పట్టుకుంది.

దిక్సూచి పట్టుకుని స్తంభం దగ్గరికి పరిగెత్తారు. స్తంభం నిటారుగానే ఉంది. కానీ ఉండాల్సిన దిక్కు నుంచి నలభై డిగ్రీలు పక్కకి తిరిగి ఉంది. ఇంజనీర్ గదిలోకి వచ్చి ఆ అంకె కొట్టాడు. కంప్యూటర్ మూడు రోజుల సిగ్నళ్లని మళ్లీ లెక్క కట్టడం మొదలుపెట్టింది.

అయిదు కొట్టింది. అయిదుంపావు.

కొత్త బాణాలు పడ్డాయి. పడవ ఉండాల్సిన దారిలో ఒక్కటి కూడా ఉత్తరానికి లేదు. అన్నీ దక్షిణానికే.

ఇన్‌స్పెక్టర్ కోస్ట్‌గార్డ్‌కి ఫోన్ చేసింది. "దక్షిణానికి తిప్పండి."

"మేడమ్, చీకటి పడుతోంది. దొరుకుతాడన్న ఆశ మాకు లేదు."

"నాకూ పెద్దగా లేదు. అయినా తిప్పండి."

ఫోన్ పెట్టేసి చిన్నోడి బేడీలు తీసింది. క్షమించమనడానికి ఆమెకి నోరు రాలేదు.

పూర్తిగా చీకటి పడేలోపు పడవ దొరికింది. లోపల అడుగున పెద్దోడు. పెదాలు పగిలి, స్పృహ లేకుండా. నాడి ఉంది.

ఆసుపత్రిలో అతను కళ్లు తెరిచేసరికి భార్య పక్కనే ఉంది.

"తమ్ముడు ఒడ్డెక్కాడా?"

"ఎక్కాడు," అంది ఆమె.

"వాణ్ని పిలు."

చిన్నోడు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, తనూ వెళ్లలేదు. వదిన వచ్చి ఎదురుగా నిలబడింది.

"మీ అన్న లేచాడు. ముందు నిన్నే అడిగాడు," అని చెయ్యి చాచింది.

చిన్నోడు లేచాడు. ఆ చెయ్యి పట్టుకోలేదు. పక్కనుంచి లోపలికి వెళ్లిపోయాడు.

ఆమె ఆ మెట్ల మీదే కూలబడి ఏడ్చింది.