పాముకాటు క్లెయిమ్

తాపీమేస్త్రీ పౌలు శవం ఇంటి అరుగు మీద ఉంది. ఎడమ చీలమండ దగ్గర రెండు గాట్లు. వాటికి పైన, పిక్క కింద, తువ్వాలు బిగించి కట్టి ఉంది. పాదం కుండలా వాచింది.

"రాత్రి చేనికాడ పాము కరిచింది మేడమ్," అన్నాడు కొడుకు తిమోతి. "కట్టు కట్టి ఆటో కోసం ఉరికితి. వచ్చేసరికి సచ్చిపోయినాడు."

ఆళ్లగడ్డ ఎస్సై సంధ్య వంగి కాలు చూసింది. పంచనామా ఇంకా పూర్తి కాలేదు. తిమోతి ఆమె చెవి దగ్గరికి వచ్చాడు.

"ఎఫ్ఐఆర్‌లో పాముకాటు అనే రాస్తారు గదా మేడమ్? బీమాకు కావల్ల."

తండ్రి శవం ముందు నిలబడి అడిగే మాటేనా ఇది? సంధ్యకు రోత పుట్టింది. శవాన్ని పోస్టుమార్టానికి పంపింది.

మధ్యాహ్నం మూడింటికి డాక్టర్ ఫోన్ చేశాడు. ఒంట్లో విషం లక్షణాలు లేవు. చావుకు కారణం గుండెపోటు. గాట్లు దబ్బనంతో పొడిచినవి.

సాయంత్రం స్టేషన్‌లో ముగ్గురిని కూర్చోబెట్టింది. తిమోతి. అతని తల్లి లూదియా, నంద్యాలలో ఒక ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ ఆయా. మూడోవాడు శ్రీకాంత్, ఊళ్లో బ్యాంకు లావాదేవీలు చూసే కుర్రాడు.

"శ్రీకాంత్, రాత్రి పదకొండుంబావుకు తిమోతి నీకు ఫోన్ చేసినట్టు కాల్ లిస్టులో ఉంది. ఏం అడిగాడు?"

"గుండెనొప్పితో పోతే, ఏటా ఖాతాలో ఇరవై రూపాయలు పట్టుకునే బీమా వస్తాదా అన్యాడు మేడమ్. రాదు, అది ప్రమాదానికే అంటి. పాము కరిస్తేనో అన్యాడు. వస్తాది అంటి."

తిమోతి తల దించుకున్నాడు. "అప్పటికే మా నాయన పోయినాడు మేడమ్. యాప్‌లో అప్పిచ్చినోళ్లు పీక మీద కూచున్నారు. దబ్బనంతో పొడిచిన మాట నిజమే. పొడిచింది శవాన్నే గదా."

"కట్టు?"

"అదీ పోయినాకే కట్టినా."

"మరి కాలెందుకు వాచింది?"

తిమోతి అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"విషం లేదు. కాలు వాచింది నీ కట్టు వల్లే. గుండె ఆడుతూ ఉంటేనే కట్టు కింద కాలు వాస్తుంది. శవం కాలు వాయదు. నువ్వు కట్టేటప్పటికి మీ నాయన బతికే ఉన్నాడు. ఆయన ఏమన్నాడు?"

తిమోతి తల్లి వైపు చూడకుండా చెప్పాడు. "నంద్యాలకు తీస్కపో అన్యాడు."

నొప్పితో మెలికలు తిరిగే మనిషిని పట్టుకుని కాలు పొడిచి, ప్రాణం ఎప్పుడు పోతుందా అని పక్కనే కాచుకున్నాడు వీడు. వీణ్ణి మనిషి అని పిలవడానికి సంధ్యకు నోరు రాలేదు.

శ్రీకాంత్ వైపు తిరిగింది. "పౌలు ఖాతాలో ఏటా ఇంకో కోత కూడా ఉంది. అదేంటి?"

"అది ఇంకో బీమా మేడమ్. చావు ఎట్లొచ్చినా రెండు లక్షలు ఇస్తారు. రాత్రి నిద్రమత్తులో గుర్తు రాల్యా."

తిమోతి చప్పున తలెత్తాడు. "అంటే, పొడవకపోయినా దుడ్లు వచ్చేటివా?"

అక్కడున్న కానిస్టేబుల్ కూడా ముఖం తిప్పుకున్నాడు. తండ్రి పోయినందుకు కాదు, శ్రమ వృథా అయినందుకు వాడి బాధ.

లూదియా కుర్చీలోంచి ముందుకు వంగింది. "ఆ బీమా ఎవురికొస్తాది మేడమ్?"

"నామినీ నువ్వేనమ్మా."

"మా," అని తల్లిని పిలిచాడు తిమోతి. "ఆ దుడ్లతో లాయర్‌ను పెట్టుమా."

లూదియా వాడి వైపు చూడలేదు. "రాత్రంతా ఆస్పత్రి గేటుకాడనే ఉండ్యా. ఒక్క ఫోన్ చేసింటే స్ట్రెచర్ నేనే తోసుకొచ్చిందును." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆయన్ని ఎప్పుడిస్తారు మేడమ్? సమాధి చేసుకోవల్ల."

"మా, నిన్నే."

"నన్నట్ల పిలవొద్దని చెప్పండి మేడమ్," అంది లూదియా.