మౌనంగా ఉన్న పదకొండు సర్వర్లు

"మన సేఫ్ హౌసులు పదకొండూ ముఠాకు దొరికిపోయాయి," అన్నాడు చీఫ్. "పట్టించింది ఎవరో తెలుసా? నువ్వే."

ఏజెంట్ ఫార్టీ కుర్చీలోంచి లేచాడు.

చీఫ్ ఒక చీటీ ముందుకు తోశాడు. పంపింది 'పగడం'. విదేశీ ముఠా నాయకుడి పక్కన పట్టుచీరలో మెరిసిపోతూ, వాళ్ల గుట్టంతా ఇటు చేరవేసే డబుల్ ఏజెంట్. చీటీలో రెండే ముక్కలు: 'మౌనంగా ఉన్నవాటి మీద నిఘా పెట్టారు. ఇవాళ కూడా రిపోర్ట్ రాకపోతే పన్నెండుకు దాడి.'

ఫార్టీకి అంతా అర్థమైంది. సేఫ్ హౌసుల్లో ఉన్నది ప్రతి ఆఫీసూ వాడే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేరే. కొత్త వెర్షన్‌లో మెట్రిక్స్ రిపోర్టింగ్ డీఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. ఎంతమంది యూజర్లు, ఎన్ని మెయిళ్లు, ఎన్ని ఎర్రర్లు అన్నీ రోజూ కంపెనీకి వెళ్లిపోతాయి. బగ్గులు పట్టుకోవడానికేనని కంపెనీ వాదన. అడక్కుండా ఆన్ చేయడమేమిటని ఒంటికాలిమీద లేచిన ఫార్టీ, సేఫ్ హౌసులన్నీ తిరిగి తన చేత్తోనే ఆఫ్ చేశాడు. ఎందుకైనా మంచిదని ఫైర్‌వాల్‌తో ఆ దారి కూడా మూయించాడు.

"అప్‌డేట్ తీసుకున్నవాళ్లు నలభై వేలు," అన్నాడు చీఫ్. "రిపోర్ట్ పంపనివాళ్లు పదకొండు మంది. కంపెనీలో ముఠా మనిషి ఉన్నాడు. వాడికి లెక్క తేల్చడం ఎంతసేపు?"

"ఖాళీ చేయించండి సార్!"

"పదీ చేయించాను. పదకొండోది డెంటల్ క్లినిక్."

క్లినిక్ పైగదిలో ఫార్టీ చెల్లెలుంది. ఆమె కూడా ఏజెంటే. నిన్ననే కడుపులోంచి బుల్లెట్ తీసి కుట్లు వేశారు. ఇంకో చోటికి మార్చే స్థితిలో లేదు.

"ఫోన్ చేయొద్దు, వింటున్నారు. ఇక్కడినుంచి ఆన్ చేద్దామంటే ఆ దారీ నువ్వే మూశావు. ముప్పై ఐదు నిమిషాలున్నాయి. వెళ్లు!"

పదకొండూ నలభై ఎనిమిదికి బుగ్గలో దూది కుక్కుకుని, దవడ పట్టుకుని మూలుగుతూ ఫార్టీ క్లినిక్‌లో అడుగుపెట్టాడు. ఎదుటి పేవ్‌మెంట్ పక్కన బూడిదరంగు వ్యాను. లోపల ఇద్దరు వాచీలు చూసుకుంటున్నారు.

డాక్టరు మనవాడే. రిసెప్షన్ కౌంటర్ కింద సర్వర్ చూపించాడు. ఫార్టీ రిపోర్టింగ్ ఆన్ చేశాడు. వెంటనే స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి: 'ఫైర్‌వాల్ అడ్డుకుంది. పాస్‌వర్డ్ ఇవ్వండి.'

చొక్కా గుండీలో దాచిన డీకోడర్ తగిలించాడు. నలభై నిమిషాలు పడుతుందని చూపించింది. ఉన్నవి పది.

"పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది?"

"మీ చెల్లెలి దగ్గరే. వచ్చిన రోజే మార్చేసింది," అన్నాడు డాక్టరు.

ఫార్టీ మూడేసి మెట్లు ఎక్కాడు. చెల్లెలు జ్వరంతో కాగిపోతోంది. అయినా తలగడ కింది పిస్తోలు సూటిగా అతని ఛాతీకి గురిపెట్టింది.

"ఇవాళ్టి కోడ్ వర్డ్?"

"నేనే! తెచ్చుకునే టైం లేకపోయింది. పాస్‌వర్డ్ చెప్పు తల్లీ!"

"ముఠాలో మా అన్నయ్య వేషం వేసేవాడున్నాడు. గొంతు కూడా దింపేస్తాడట. కోడ్ లేకపోతే తనకు కూడా చెప్పొద్దని అన్నయ్యే అన్నాడు."

తన జాగ్రత్తే చెల్లెల్ని చంపబోతోంది. ఫార్టీకి ఏడుపొచ్చింది.

"చెప్పకు. కిందికొచ్చి నువ్వే టైప్ చెయ్యి. గన్ నా తలకే పెట్టుకో."

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. సరేనంది.

ఎత్తుకుని దిగాడు. మెడకు పిస్తోలు చల్లగా తగులుతోంది. సగం మెట్ల దగ్గర ఆమె పళ్లు బిగపట్టింది. కుట్లు తెగాయి. చొక్కా వెచ్చగా తడుస్తున్నా అతను ఆగలేదు. దేవుడా, ఈ ఒక్కసారికి గట్టెక్కించు అనుకున్నాడు.

పదకొండూ యాభై తొమ్మిది. వ్యాను తలుపు తెరుచుకుంది. పిస్తోలు వదలకుండా ఒంటిచేత్తో ఆమె టైప్ చేసింది. తప్పు. ఇద్దరూ రోడ్డు దాటుతున్నారు, చేతులు కోటు జేబుల్లో ఉన్నాయి. మళ్లీ కొట్టింది. ఎంటర్.

వాళ్లు గుమ్మం ఎక్కేసరికి ఒకడి ఫోన్ మోగింది. వాడు విన్నాడు. మొహం ముడుచుకున్నాడు.

"ఇప్పుడే రిపోర్ట్ పంపారట. ఇది మామూలు క్లినిక్కే. పద."

"అపాయింట్‌మెంట్ ఉందా?" తలుపు సందులోంచి డాక్టరు అడిగాడు. వాళ్లు వెనుదిరిగి వ్యాను ఎక్కేశారు.

డాక్టరు పళ్ల కుర్చీలోనే మళ్లీ కుట్లు వేశాడు. బతుకుతుందన్నాడు. ఫార్టీ నేలమీద కూలబడి చెల్లెలి చెయ్యి వదల్లేదు. చీఫ్‌కు సంగతి చేరవేయడానికి స్క్రీన్ వైపు చూశాడు. అక్కడున్నది పైకే చదివాడు:

"'మీ రిపోర్ట్ అందింది. స్వచ్ఛందంగా సహకరించినందుకు కృతజ్ఞతలు.'"

"అది రాసినవాడి అడ్రసు కనుక్కో అన్నయ్యా," అంది చెల్లెలు. "ఒక్కసారి వాణ్ణి కూడా ఈ మెట్లు దింపుదాం."