సున్నా గంటల లాప్‌టాప్

గోడౌన్ గుమస్తా మెడకు ప్యాకింగ్ టేపు ఏడు చుట్లు బిగిసి ఉంది. ఎనిమిదో చుట్టు వేస్తున్నవాడు తలుపు చప్పుడుకి వెనక్కి తిరిగాడు.

గుమ్మంలో ఏజెంట్ స్క్రూ నిలబడి ఉన్నాడు. ఒంటి మీద సర్వీస్ ఇంజనీరు యూనిఫాం, మెడలో దొంగ ఐడీ కార్డు. పదేళ్లు లాప్‌టాప్‌లు రిపేరు చేసి గూఢచారి శాఖలోకి వచ్చాడు కనుక తోటివాళ్లు ఆ పేరు పెట్టారు. హంతకుడు కత్తి విసిరాడు. అది స్క్రూ చెవి కొసను కోసుకుంటూ పోయి వెనకున్న అట్టపెట్టెలో దిగబడింది. మరుక్షణం స్క్రూ పక్కనున్న యూపీఎస్ బ్యాటరీని ఎత్తి వాడి మోకాలి మీద వేశాడు. ఎముక విరిగింది. వాడు నేల మీద పడి గిలగిలా కొట్టుకున్నాడు. గుమస్తా మాత్రం కదల్లేదు. రెండు నిమిషాలు ముందొచ్చి ఉంటే ఆ అమాయకుడు బతికేవాడు.

"బాంబు ఎన్ని లాప్‌టాప్‌ల్లో పెట్టారు?" వాడి గొంతు మీద బూటు ఆనించి అడిగాడు స్క్రూ.

"ఒక్కదాంట్లోనే."

"ఎందులో?"

వాడు నవ్వి, పళ్ల మధ్య దేన్నో పటుక్కున కొరికాడు. నోట్లోంచి నురుగు వచ్చింది. కథ ముగిసింది.

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు పలికింది. "సరుకు వెళ్లిపోయింది, స్క్రూ. నలభై కొత్త లాప్‌టాప్‌లు. శాంతి ఒప్పందం హాల్లో బల్లల మీద సర్దేశారు. నాయకులు పదింటికి వస్తారు."

"హాలు ఖాళీ చేయించండి."

"చేయిస్తే రిమోట్ నొక్కేస్తారు. ఇదే వేషంలో వెళ్లు. మేడమ్ సాయం చేస్తుంది. మీ అక్క లోపలే ఉంది."

ఆ సంగతి స్క్రూకి తెలుసు. అక్క దుబాసీ. ఇద్దరు నాయకుల మధ్య కుర్చీ ఆమెది. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. స్క్రూ పరుగున హాలుకి బయల్దేరాడు.

హాలు గుమ్మంలో మేడమ్ ఎదురైంది. శత్రుముఠాలో ఉంటూ శాఖకు రహస్యాలు అందించే మనిషి. నల్లపట్టు గౌను, చెవులకు వజ్రాలు. ఆమె చిరునవ్వు నమ్మి కాటికి పోయినవాళ్లు కనీసం ముగ్గురు.

"ప్రింటరు మొరాయిస్తోంది" అంది కోడ్ ప్రకారం.

"ఇంకు ఎండిపోయి ఉంటుంది."

"బాంబు పెట్టాలంటే మిషన్ విప్పాలి. విప్పితే గుర్తులుంటాయి. వెతుకు."

తాతకు దగ్గులు నేర్పుతోంది అనుకున్నాడు స్క్రూ. గడియారం తొమ్మిది నలభై. లాప్‌టాప్‌లు సెట్ చేస్తున్నట్టు నటిస్తూ బల్ల బల్లకీ వెళ్లాడు. ఫ్యాన్ సందుల్లో దుమ్ము, మరల తలల మీద గీతలు, చార్జర్ గుచ్చేచోట అరుగుదల, మీటల మీద మెరుపు, అన్నీ చూశాడు. ఆపైన పెన్‌డ్రైవ్ లాంటి పరికరం గుచ్చితే ఆ డిస్కు పుట్టినప్పటి నుంచి ఎన్ని గంటలు తిరిగిందో చెప్పేస్తుంది. మూడు గంటలు. నాలుగు. మళ్లీ మూడు. అన్నీ కొత్తవే.

ఇరవై మూడోది పట్టుబడింది. మీటలు జిడ్డోడుతున్నాయి, ఫ్యాన్‌లో బూజు, స్క్రూలు గీరుకుపోయి ఉన్నాయి. పరికరంలో అంకె: ఎనిమిది వందల పన్నెండు గంటలు.

"దొరికిందిగా! ఇటివ్వు, నేను బయటికి తీసుకుపోతాను" అంటూ మేడమ్ చెయ్యి చాచింది.

ఇవ్వబోయి ఆగాడు. దొంగతనానికి వచ్చినవాడు గుమ్మంలో చెప్పులు విడిచి వెళ్తాడా? ఇన్ని గుర్తులు ఒక్కదాని మీదే ఎలా ఉన్నాయి? ఇది ఎర. ఇది దొరికిందని అందరూ ఊపిరి పీల్చుకుంటే, అసలుది చల్లగా తన పని చేసుకుపోతుంది.

"మిగతావీ చూస్తాను" అన్నాడు.

మేడమ్ చిరునవ్వు సగం జారింది.

తొమ్మిది యాభై ఎనిమిది. మిగిలింది ఒక్కటే. అక్క ముందున్నది.

"చెవి నుంచి ఆ రక్తమేంట్రా?"

"గీసుకుంది, అక్కా. కాస్త జరుగు."

మచ్చ లేదు. దుమ్ము లేదు. స్క్రూలు తళతళలాడుతున్నాయి. పరికరం గుచ్చాడు. అంకె: సున్నా.

స్క్రూ పరికరం పీకి మళ్లీ గుచ్చాడు. సున్నాయే. ఏ ఫ్యాక్టరీ అయినా పెట్టెలో పెట్టేముందు మిషన్‌ని రెండు మూడు గంటలు నడిపి చూస్తుంది. ఎంత కొత్తదైనా సున్నా ఉండదు. గతం తుడిచేసిన చోటే సున్నా ఉంటుంది. అతి వినయం ధూర్త లక్షణమని పెద్దలు ఊరికే అనలేదు.

"అక్కా, బల్ల కింద దూరు!"

"ఎందుకురా?"

"చిన్నప్పుడు నేను ఎందుకంటే వీపు మీద ఒకటిచ్చేదానివి. దూరు!"

తూటా అతని ఎడమ భుజాన్ని చీల్చుకుపోయింది. రెండో తూటాకి గుమ్మం దగ్గరి గార్డు నుదురు పగిలి కుప్పకూలాడు. మేడమ్ ఒక చేతిలో పిస్తోలు, మరో చేతిలో లిప్‌స్టిక్‌తో వెనక్కి నడుస్తోంది. లిప్‌స్టిక్ అడుగున ఎర్ర బటన్ నొక్కింది.

"పదిహేను సెకన్లు, స్క్రూ. నేను కిందికి దిగడానికి చాలు" అంటూ ఎదురుగా తెరుచుకున్న లిఫ్ట్‌లోకి అడుగేసింది.

స్క్రూ లాప్‌టాప్ చంకన పెట్టుకుని పరుగెత్తాడు. చెయ్యి పొడవునా నెత్తురు కారుతోంది. లిఫ్ట్ తలుపులు మూసుకుంటున్నాయి. మూరెడు సందు మిగిలింది. వంగి, క్యారమ్స్ స్ట్రైకర్ కొట్టినట్టు లాప్‌టాప్‌ని నేల మీద తోశాడు. అది సర్రున జారి ఆమె కాళ్ల దగ్గర ఆగింది. తలుపులు కలుసుకున్నాయి.

లోపలి నుంచి నాలుగు తూటాలు తలుపును చీల్చుకొచ్చాయి. ఆ తర్వాత పిడికిళ్లతో బాదిన చప్పుడు. ఆ తర్వాత అంతస్తంతా అదిరింది. ఊడిన తలుపు రెక్క స్క్రూ తల మీదుగా ఎగిరి ఎదుటి గోడలో దిగబడింది. లిఫ్ట్ ఉన్నచోట మంట తప్ప ఏమీ లేదు.

అక్క పొగలోంచి పరుగెత్తుకొచ్చింది. ముందు చెంప మీద ఒకటిచ్చింది. తర్వాత భోరుమని ఏడుస్తూ తన చున్నీ చింపి తమ్ముడి భుజానికి కట్టు కట్టింది. ముడి బిగించాక ముక్కు తుడుచుకుని అంది:

"ఈసారి సెకండ్ హ్యాండ్‌వే కొనమని మీ చీఫ్‌తో చెప్పరా. కనీసం ఎవరో ఒకరు వాడి, బతికి బయటపడ్డారన్న నమ్మకమైనా ఉంటుంది."