ఆవిరి ఎక్కాక

ఆ సందు చివరి మ్యాన్‌హోల్ మూత మీద ఎవరూ కాలు పెట్టరు. కింద నుంచి ఎవరో తడతారని పేరు. పగలు నవ్వేవాళ్ళు కూడా చీకటి పడ్డాక పక్కకి తప్పుకునే పోతారు.

ఇది మా బావ చెప్పింది. కోతలు కోసేటప్పుడు ఆయన గొంతు పెంచుతాడు. ఇది చెప్పినప్పుడు మాత్రం పక్కనే కూర్చున్న నాకే సరిగ్గా వినపడలేదు.

బావది రోడ్డు తవ్వకుండా పాత మురుగు గొట్టాలు బాగుచేసే పని. జిగురులో నానిన గుడ్డ గొట్టాన్ని పాతదాంట్లోకి దూర్చి, గాలితో ఉబ్బించి, వేడి ఆవిరి పట్టిస్తారు. అది పాత గోడకి అతుక్కుని రాయిలా గట్టిపడుతుంది. రాత్రిళ్ళు మురుగు తక్కువ కాబట్టి అప్పుడే చేస్తారు. మధ్యలో ఆవిరి ఆపారా... గుడ్డ కూలి గొట్టం మొత్తం పూడుకుపోతుంది.

ఆ సందులో పని పడిన రాత్రి, ఆవిరి బాగా ఎక్కాక, కింద చప్పుడు.

టక్... టక్... టక్.

"వేడికి గొట్టం సాగుతోందిలే," అనుకుని బావ అటూ ఇటూ చూశాడు. అవతలి మ్యాన్‌హోల్ దగ్గర ఉండాల్సిన ఆయన తమ్ముడు లేడు. మూత తీసే ఉంది. పక్కన వాడి చెప్పులు... ఆ గొట్టంలో మనిషి పాకొచ్చు.

తమ్ముడు లోపలికి దిగాడనుకున్నాడు బావ. ఆవిరి ఆపితే గుడ్డ వాడి మీదే కూలుతుంది. ఆపకపోతే వాడు ఉడికిపోతాడు. వాల్వు మీద చెయ్యి పెట్టి, ఏం చెయ్యాలో తోచక, ఏడ్చేశాడట మా బావ.

"ఏంటన్నయ్యా... ఏమైంది?"

వెనక తమ్ముడు. వ్యాన్‌లో కునుకు తీసి, కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. బావ వాణ్ణి ఒక్కటి పీకి, ఆ చేత్తోనే గట్టిగా పట్టుకున్నాడు.

టక్... టక్...

ఇద్దరూ మూత తీసిన మ్యాన్‌హోల్ వైపు తిరిగారు.

"మరి... లోపల ఎవరన్నయ్యా?" తమ్ముడు గుసగుసలాడాడు.

బావ ఆవిరి ఆపలేదు. గుడ్డ గట్టిపడేకొద్దీ చప్పుడు నీరసించింది... తర్వాత ఆగిపోయింది.

తెల్లారి గొట్టంలోకి కెమెరా పంపి, పైన తెర మీద చూశారు. ఇళ్ళ గొట్టాలు కలిసే చోటల్లా కొత్త గోడ బయటికి గుంటపడుతుంది. అక్కడ కోసి దారి తెరవాలి. అవన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఏ ఇంటి గొట్టమూ లేనిచోట మాత్రం, గోడ లోపలికి ఉబ్బి ఉంది... అరచెయ్యంత, ఐదు వేళ్ళతో.

"ఇక్కడ కొయ్యమంటావా అన్నయ్యా?"

బావ నోరు తెరిచేలోపే... రాయిలా గట్టిపడ్డ ఆ గోడలో, వేళ్ళు మెల్లగా ముడుచుకున్నాయి.